బుడుంగు గారి ఎర్రజోళ్ళు

"మహాకళాకారులు మరణించరు!" అని స్మారక సంఘం అధ్యక్షుడు బల్ల గుద్ది ప్రకటించాడు.

మరణించరు కాబట్టే, వాళ్ళ తరఫున కాగితాల మీద సంతకాలు పెట్టే పని భార్యల మీద పడుతుంది. బుడుంగు భార్య ఆ పని మీదే గోడవారగా స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డసంచి. సంచిలో ఎర్రజోళ్ళు, ఒక్కొక్కటి మూరెడు పొడవు.

నీళ్ళతొట్టిలో బుడుంగున మునిగి, నెత్తిమీద టోపీ తడవకుండా తేలేవాడు గనుక ఆ విదూషకుడికి ఆ పేరు. ఆయన్ని చూసి ముప్పై ఏళ్ళు ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. బతికుండగా ఆయన రంగు వేసుకునే గదిలో ఒక ఫ్యాను పెట్టించడానికి నిబంధనలు ఒప్పుకోలేదు. పోయాక ఆయన జోళ్ళకి ఏసీ గది కట్టించడానికి ఒప్పుకున్నాయి!

టోపీ ఇదివరకే సంఘానికి పోయింది, గళ్ళకోటూ పోయింది. ఇచ్చిన రెండుసార్లూ ఆమె గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, బీరువా తాళం సరిగా పడిందో లేదో లాగి చూసుకుని వెళ్ళింది. ఇక మిగిలినవి జోళ్ళే. ఇవి కూడా ఇచ్చేస్తే ఇంట్లో ఆయనదని తడుముకోవడానికి ఏమీ ఉండదు.

"ఇక్కడ వేలిముద్ర వెయ్యండమ్మా," అన్నాడు గుమాస్తా.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని కాగితం మొదటినుంచీ చివరిదాకా చదివింది. గుమాస్తాకి ఇది బొత్తిగా నచ్చలేదు.

"'చివరి ప్రదర్శనలో బుడుంగు గారు స్వయంగా ధరించిన జోళ్ళు' అని రాశావేంటి నాయనా? అది అబద్ధం కదా!"

"ఏది అబద్ధం?"

"స్వయంగా అన్నది. చివరి తొమ్మిదేళ్ళూ వీటిని వేసుకుని ఆడింది నేను."

జరిగింది అదే. ఆయన మోకాళ్ళు పోయాయి. ఆ సంగతి బయటపడితే పని పోతుంది. అందుకని మూడు నెలలు తలుపులు మూసి భార్యకి పడటం నేర్పాడు. ముఖం నిండా రంగు, జోళ్ళ నిండా పాతగుడ్డలు, మాటల్లేని ఆట. ఎవరికి తెలుస్తుంది? ఆయన తెర వెనక కూర్చుని చేతికర్రతో నేలమీద కొట్టేవాడు. మూడో దెబ్బకి ఆమె నీళ్ళలోంచి లేవాలి. ఆఖరి రోజున మూడో దెబ్బ పడలేదు. ఆమె నీళ్ళలోనే ఎదురుచూసింది. ఊపిరాడక లేచేసరికి హాలంతా చప్పట్లు!

"అసంభవం!" అన్నాడు అధ్యక్షుడు. "ఆరోజు నేను ముందు వరసలో ఉన్నాను. ఆట అవగానే ఆయన పరుగున వచ్చి నా చేతులు పట్టుకుని, 'అయ్యా, కళని మీ చేతుల్లో పెడుతున్నా' అన్నారు. అవే ఆయన చివరి మాటలు! నా పుస్తకంలో ఒక అధ్యాయం అంతా అదే!"

సభ్యులు ముగ్గురూ కళ్ళు తుడుచుకున్నారు.

"పట్టుకున్నది నేను బాబూ," అంది ఆమె. "'మా ఆయన పడిపోయాడు, మీ కారు ఇప్పించండి, ఆస్పత్రికి తీసుకెళ్ళాలి' అన్నాను. మీరు పగలబడి నవ్వారు. 'ఆడగొంతు కూడా భలే పెట్టావోయ్!' అన్నారు. కోటుకి రంగంటుతుందని చేతులు విదిలించుకున్నారు."

అధ్యక్షుడు సిగ్గుపడలేదు. ఆనాటి ఎజెండాలో ఆ అంశం లేదు.

"రాసుకోవయ్యా," అన్నాడు గుమాస్తాతో. "సదరు జోళ్ళు బుడుంగు గారివి కావనీ, వారి సతీమణి సొంతానికి వాడుకున్న పాదరక్షలనీ విచారణలో తేలినందున తిరస్కరించడమైనది."

"మరి ఎల్లుండి ప్రారంభోత్సవం, సార్! ఖాళీ అద్దాలపెట్టె పెడతామా?" అన్నాడు ఒక సభ్యుడు.

"ఊళ్ళో జోళ్ళు కుట్టేవాళ్ళు లేరా?"

ఆమె సంచిని గుండెకి హత్తుకుని ఇంటికి పోయింది. ఆ సంఘం ఆమెకి చేసిన మేలు అదొక్కటే.

ప్రారంభోత్సవం నాడు ఆమె ఆ జోళ్ళలో గుడ్డలు కుక్కుకుని, వేసుకునే వచ్చింది. గుమ్మంలో కాపలావాడు అడ్డం పడ్డాడు.

"ఆగాగు మామ్మా! లోపల కొత్త తివాచీ. జోళ్ళు బయట విప్పాలి."

"ఇవి విప్పను నాయనా."

"ఎవరెత్తుకుపోతారు మామ్మా వాటిని! లోపల బుడుంగు గారి అసలు జోళ్ళున్నాయి, చూద్దువుగాని."

లోపల మైకులో అధ్యక్షుడి గొంతు పూడుకుపోతోంది. "ఈ జోళ్ళు ముట్టుకుంటే... ఆ మహానుభావుడి పాదాల వెచ్చదనం... ఇంకా..." చప్పట్లు మారుమోగాయి.

ఆమె విప్పుదామని వంగింది. వేళ్ళు ముడి దాకా వెళ్ళి ఆగిపోయాయి. లేచి వెనక్కి తిరిగి మెట్లు దిగింది. మూరెడు జోళ్ళు మెట్టుమెట్టుకీ టపటపలాడాయి. ఒకచోట తూలి, గాలిలో చేతులాడించి, పడకుండా నిలదొక్కుకుంది.

కాపలావాడికి నవ్వు తన్నుకొచ్చింది. "అబ్బబ్బ, ఏం నడకే మామ్మా! అచ్చం బుడుంగే!"

లోపల పెద్దలంతా దుఃఖంలో ఉన్నారని చప్పున గుర్తొచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు మూసేశాడు.