ముప్ఫై ఎనిమిదా, నలభై ఐదా?

మంగళవారం పొద్దున ఆల్డెన్‌కు ఉన్నది ఒకే ఒక్క పని. పన్నెండు లోపల ఓర్విల్ తుపాకుల కొట్టుకు వెళ్ళి, ముప్ఫై ఎనిమిదా, నలభై ఐదా అన్నది తేల్చి చెప్పడం. పాతకాలం పోలీసుల పిస్తోలును ఒక కంపెనీ అచ్చం అలాగే మళ్ళీ చేసి, సేకరించుకునేవాళ్ళ కోసం కొన్ని మాత్రమే వదిలింది. ఒహాయో నది ఒడ్డునున్న ఆ చిన్న ఊరికి వచ్చినవి రెండే. తూటా సైజును బట్టి ఒకటి ముప్ఫై ఎనిమిది, రెండోది నలభై ఐదు.

ఆల్డెన్‌కు డెబ్భై ఒకటి. తండ్రి ఆ ఊరి పోలీసు. ఇంటికి రాగానే పిస్తోలు తీసి బీరువా మీద పెట్టేవాడు. పిల్లలెవరూ ముట్టుకోకూడదు. ముట్టుకోకుండానే ఆల్డెన్‌కు పదేళ్ళు నిండాయి, తండ్రి పోయాడు, పిస్తోలు ఏమైందో ఎవరూ చెప్పలేదు. అలాంటిది ఒక్కసారి చేతిలో పట్టుకోవాలని అరవై ఏళ్ళుగా ఆశ. తండ్రిది ఏ సైజో తెలిస్తే అక్క వెర్నాకే తెలియాలి.

హోటల్లో టిఫిన్ ముందు పెట్టుకుని ఆమెకు ఫోన్ చేశాడు. అక్కకు ఎనభై, చెవుడు. అరవక తప్పలేదు.

"అక్కా, పన్నెండింటికల్లా చెప్పెయ్యాలి. ముప్ఫై ఎనిమిదా, నలభై ఐదా?"

"ఏంటి?"

"ముప్ఫై ఎనిమిదైతే నాజూగ్గా ఉంటుంది. నలభై ఐదు కాస్త బరువే గానీ నమ్ముకోవచ్చు. ఏదైనా సరే, ఇంటికి తెచ్చుకున్నాక చచ్చేదాకా వదలను."

"నాకేం వినపళ్ళేదురా" అని అక్క పెట్టేసింది.

హోటలు నడిపే మాక్సీన్‌కు మాత్రం అంతా వినపడింది. ఆల్డెన్ భార్య పోయి నాలుగేళ్ళయిన సంగతీ ఆమెకు తెలుసు. అట్టు చల్లారకముందే ఆమె కబురందుకుని చర్చి పాస్టరు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఇంత తొందరగా తేల్చుకునే విషయమా ఇది, ఆల్డెన్?"

"ఏం చెయ్యను అయ్యగారూ? పన్నెండు దాటితే ఓర్విల్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తాడట."

పాస్టరు బయటికి వెళ్ళి ఆల్డెన్ కూతురు కోరిన్‌కు ఫోన్ చేశాడు. కోరిన్‌కు నలభై నాలుగు. రాబోయే సవతి తల్లి తనకంటే ఆరేళ్ళు చిన్నదో, ఏడాది పెద్దదో తెలియక ఆఫీసు నుంచి అలాగే బయల్దేరింది. దారిలో మేనత్త వెర్నాను కూడా ఎక్కించుకుంది.

వాళ్ళు కొట్లో అడుగుపెట్టేసరికి ఆల్డెన్ చెరో చేతిలో ఒక పిస్తోలు పట్టుకుని, రెంటినీ మార్చి మార్చి చూస్తున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఎక్కడ నాన్నా వాళ్ళిద్దరూ?"

"ఎవరే?"

సంగతి తేలడానికి పావుగంట పట్టింది. తేలాక ఓర్విల్ నవ్వలేక కౌంటరు వెనక కూలబడ్డాడు. కోరిన్ మేనత్త చెవి దగ్గరికి వంగి అరిచింది.

"అత్తా, తాతయ్య పిస్తోలు ఏ సైజు అని అడుగుతున్నాడు."

వెర్నా తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరేయ్, నాన్నకి పిస్తోలెక్కడిదిరా? ఊరి పెద్దలు కొనివ్వలేదు. చిన్నాన్న చెక్కతో చెక్కి, నల్లరంగు పూసిచ్చాడు. దగ్గర్నుంచి చూస్తే తెలిసిపోతుందనేగా బీరువా మీద పెట్టేది."

"మరి సారా కొట్లలో కొట్లాటలు ఆపడానికి వెళ్ళేవాడుగా?"

"వెళ్ళేవాడు. దాంతోనే. పద్నాలుగేళ్ళు."

ఆల్డెన్ చేతుల్లో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టాడు. అరవై ఏళ్ళుగా పిస్తోలు మీద ఉందనుకున్న ఆశ నిజానికి దాన్ని పెట్టుకు తిరిగిన మనిషి మీద అని అప్పుడు తెలిసింది. ఆ మనిషి ఏ కొట్లోనూ దొరకడు.

"రెండూ వద్దులే, ఓర్విల్" అని, అక్క చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.

ఊళ్ళో మాత్రం ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఆల్డెన్‌ను కాదన్నారనే చెప్పుకున్నారు.