ఉత్తరం తప్పిన డ్రోన్

మా పురపాలక సంఘం వారు ఒక డ్రోన్ కొన్నారు. ఎందుకని అడిగేవారు ప్రగతి నిరోధకులని అధ్యక్షుల వారు ముందే ప్రకటించారు గనుక ఎవరూ అడగలేదు. అయినా కారణం ఉంది. నాలుగు చినుకులు పడితే మా పల్లపు వీధి చెరువవుతుంది. మురుగుకాలువ ఎక్కడో మూసుకుపోయింది. అదెక్కడో తేల్చడానికి వేసిన ఉపసంఘం, కాలువ వెంట నడవడానికి వాసన అనుకూలించక, పైనుంచి చూడటమే శాస్త్రీయమని సిఫారసు చేసింది.

అందరికన్నా ఎక్కువ సంతోషించింది పల్లపు వీధి టైలరమ్మ. కిందటి వానకు ఆవిడ దుకాణంలోకి మోకాలి లోతు మురుగు వచ్చి కుట్టుమిషను మోటారు కాలిపోయింది, ఎవరివో పెళ్ళిబట్టలు నానిపోయాయి. ఇంకో వాన ఇలాగే వస్తే దుకాణం మూసేయడమే. అందుకే ప్రారంభోత్సవంలో ముందు వరసలో కూర్చుంది.

డ్రోన్ నడిపే ఉద్యోగానికి అర్హతలన్నీ పరిశీలించగా, అధ్యక్షుల వారి బావమరిది అయ్యుండటమనే అర్హత ఒక్కరికే ఉన్నట్టు తేలింది. అన్యాయం చెప్పకూడదు, ఆయన శిక్షణకు వెళ్ళొచ్చాడు. అక్కడ విన్న ముక్క ఒకటి గుర్తుంది కూడా.

"బావగారూ, ఎగరేసే ముందు దీని దిక్సూచి సరిచేయాలి. తన ముఖం ఎటుందో తెలిస్తేనే గాల్లో ఒకచోట నిలబడుతుంది. ఈ ఇనప స్టేజీ, ఈ లౌడ్‌స్పీకర్ల మధ్య చేస్తే ఉత్తరం తప్పుతుంది. మైదానం చివరికెళ్ళి చేసుకొస్తాను."

"ఫోటోగ్రాఫరు ఎక్కడున్నాడు?"

"ఇక్కడే."

"మరి చివర నీకేం పని?"

ఆ విధంగా దిక్సూచి సవరణ వేదిక మీదనే జరిగింది. అధ్యక్షుల వారు స్వహస్తాలతో డ్రోన్‌ను బల్లపరుపుగా పట్టుకుని తన చుట్టూ తాను ఒకసారి, దాని ముక్కు నేలవైపు వంచి ఇంకోసారి తిరిగారు. ఇది మర్యాదలో భాగమనుకుని ఇంజనీరు గారూ తిరిగారు. ఇంజనీరు తిరిగితే తామెందుకు తిరగకూడదని సభ్యులందరూ తిరిగారు. ఉపాధ్యక్షుల వారికి కళ్ళు తిరిగితే కుర్చీ వేశారు.

రిమోటుకు తగిలించిన ఫోను తెర ఎర్రబడింది.

"ఏమంటోందిరా?"

"చుట్టూ ఇనుముందంటోంది బావగారూ."

"స్టేజీ గట్టిగా కట్టారంటోంది. ఎగరెయ్!"

డ్రోన్ లేచింది. రిమోటు మాత్రం ఫోటోల నిమిత్తం అధ్యక్షుల వారే పట్టుకున్నారు. మైకు ముందుకొచ్చి, "ప్రజలారా! ఈ యంత్రం నాలాంటిది. ఎన్ని గాలులు వీచినా నమ్మిన చోటు వదలదు!" అన్నారు. ఈ మధ్యనే మూడో పార్టీలో చేరిన మనిషి నోట ఆ మాట విని సభ పులకించింది.

కాసేపు నిలబడ్డ డ్రోన్ మెల్లగా ఆయన చుట్టూ తిరగడం మొదలెట్టింది. ఎవరికీ అనుమానం రాలేదు. పని కావాలంటే మా ఊళ్ళో అందరూ చేసేది అదే. కానీ అది చుట్టే సున్నా పెద్దదవుతూ పోయి, డ్రోన్ మైదానం దాటింది.

"బావగారూ, రిమోటు ఇటివ్వండి!"

"ఇంతమంది ముందు నీకిస్తే నా పరువేం కాను?" అంటూ ఆయన ఎడమకు నొక్కారు. అది ముందుకు పోయింది. వెనక్కి లాగారు. పక్కకు జరిగింది.

వేదిక పక్కన పెద్ద తెరమీద డ్రోన్ కెమెరా చూసేదంతా కనబడుతూనే ఉంది. ముందుగా అధ్యక్షుల వారి ఇల్లు, దాని మీద ప్లానులో లేని మూడో అంతస్తు, అందులోంచి కాలువలోకి దించిన గొట్టం. జనం ఈలలు వేశారు. అంత ఆనందం మా ఊరు ఎన్నడూ ఎరగదు.

తర్వాత డ్రోన్ మా మీదికొచ్చింది.

కాలువమీద డాక్టరు గారి కారు షెడ్డు కనిపించింది. హెడ్‌మాస్టరు గారి స్నానాలగది కనిపించింది. అవినీతి మీద నిప్పులు కురిపించే విలేఖరి వంటిల్లు కనిపించింది. ఈలలు ఆగిపోయాయి. పల్లపు వీధి మొదట్లో నల్లటి నీళ్ళు ఒకచోట ఢీకొని నిలిచిపోయాయి. అక్కడ కాలువకు అడ్డంగా టైలరమ్మ దుకాణం సిమెంటు మెట్లు. ఆవిడ తెరవైపు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఆపండి! ఇవి మా సొంత విషయాలు!" అని అధికారపక్షం, ప్రతిపక్షం మొదటిసారి ఒకే గొంతుతో అరిచాయి. బ్యాటరీ ప్రజాభిప్రాయాన్ని మన్నించి అయిపోయింది. డ్రోన్ కాలువలో దిగింది.

విచారణ జరిపి ఇంజనీరు గారు నివేదిక సమర్పించారు. ఉత్తరమే తప్పినప్పుడు కనిపించినవన్నీ మన ఊళ్ళోనే ఉన్నాయని చెప్పలేమనీ, సదరు కట్టడాలు దిక్సూచి దోషం వల్ల ఏర్పడినవనీ అందులో ఉంది. ఏకగ్రీవంగా ఆమోదించి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాం.

మర్నాడు పల్లపు వీధిలో దబదబమని చప్పుడు. వెళ్ళి చూస్తే టైలరమ్మ గునపంతో తన మెట్లు తానే పగలగొడుతోంది.

"పిచ్చా ఏంటమ్మా? తప్పు దిక్సూచిదని తేల్చారుగా!" అన్నాడు పక్క కిరాణా కొట్టాయన.

"నా మెట్లు నేనే కట్టించానన్నయ్యా. దిక్సూచి కట్టిందా?"

"నువ్వొక్కదానివి తీస్తే నీళ్ళు పోతాయా?"

"పోవు. మీ అరుగూ తీయాలి."

ఆయనకు కొట్టు తెరిచే ఉందని గుర్తొచ్చింది. చూడవచ్చిన మాకందరికీ ఏవేవో పనులు గుర్తొచ్చాయి.

వారంలో వాన వచ్చింది. కింద అందరి కట్టడాలూ యథాతథంగా ఉన్నందువల్ల, పైనుంచి వచ్చిన మురుగు దారి తెరిచున్న ఏకైక చోట పైకి పొంగి, టైలరమ్మ దుకాణాన్ని నడుం దాకా ముంచింది. ఆవిడ బట్టలమూటలు నెత్తిన పెట్టుకుని బయటికొస్తుంటే అందరం మా అరుగుల మీంచి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాం.

కృతజ్ఞత తెలిసిన ఊరు మాది. ఆవిడను ఆదర్శ పౌరురాలిగా ప్రకటించి శిలాఫలకం చెక్కించాం. రోడ్డు మీద పెడితే రాకపోకలకు అడ్డమని, ఆవిడ మెట్లు తీసి ఖాళీ చేసిన చోటే, కాలువకు అడ్డంగా సిమెంటు దిమ్మె కట్టి నిలబెట్టాం.

ఆవిష్కరణ రోజు ఆవిడను రెండు మాటలు మాట్లాడమన్నారు. టైలరమ్మ ఆ దిమ్మెను కిందికీ పైకీ చూసి, "నాకు మాటలు రావండీ. ఎవరైనా ఒక్కరు ఇంటికెళ్ళి గునపం పట్టుకురండి" అంది.

ఎంత చక్కగా చెప్పింది! చాలాసేపు నిలబడి చప్పట్లు కొట్టాం.