దేవత కాదని ధ్రువపత్రం

తల్లికి అలసట ఉండదన్నది లోకం ఏనాడో తేల్చేసిన సంగతి. అందుకే, స్వర్ణలతకు అలసట వచ్చిందట అని పక్కింటి అన్నపూర్ణమ్మ అన్నట్టు కిరాణా బుచ్చిబాబు చెప్పినప్పుడు నాచారంలో ఒక్కరూ నమ్మలేదు. కామెర్లు వచ్చాయంటే పసరు మందు చెప్పేవారు. అలసటకు ఏం చెప్పాలో తెలియక వాడకట్టంతా ఇబ్బంది పడింది.

స్వర్ణలత బిడ్డ రాణికి పన్నెండేళ్ళు. నడవదు, మాట్లాడదు. స్నానం, ముద్ద, జడ అన్నీ తల్లే. తండ్రి బాలరాజు మందుల కంపెనీలో షిఫ్టులకు పోతాడు. మిగిలిన షిఫ్టులన్నీ స్వర్ణలతవి. (కంపెనీలో వారానికో సెలవుంది.)

ఆ ఏడాదే ఉప్పల్‌లో మాతృ అలసట ఉపశమన కార్యాలయం తెరిచారు. అర్హత ఉన్న తల్లి ఇంటికి ప్రతి బుధవారం మధ్యాహ్నం మూడు గంటల సేపు ఒక ఆయాను పంపుతారు. ఆ మూడు గంటలూ చాప పరుచుకుని పడుకోవాలని స్వర్ణలత కోరిక. రాణిని భుజాన వేసుకుని ఆటో ఎక్కింది.

దరఖాస్తులో 'అలసట ప్రారంభమైన తేదీ' అన్న గడిలో ఆమె బిడ్డ పుట్టిన తేదీ రాసింది. ఒకే తేదీ రెండు గడుల్లో ఉండరాదని గుమాస్తా కొట్టేశాడు. వైద్య పరీక్షకు వచ్చే తల్లులు ముందురోజు కంటినిండా నిద్రపోయి రావలెనని గోడమీద రాసి ఉంది. (అలసిన మనిషిలో అలసటను కొలవడం శాస్త్రీయం కాదు.) మూడోసారి పోతేగాని దరఖాస్తు తీసుకోలేదు.

సత్యనారాయణమూర్తి అనే అధికారి స్వయంగా విచారణకు వచ్చి అన్నపూర్ణమ్మను అడిగాడు. ఆవిడ మేలు చేద్దామనే నోరు విప్పింది.

"స్వర్ణ మనిషి కాదండీ, దేవత. ఇన్నేళ్ళలో ఒక్కసారి మొహం చిట్లించగా చూడలేదు."

అధికారి రెండు ముక్కలూ రాసుకున్నాడు. నెల తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. దరఖాస్తుదారు మనిషి కాదని విచారణలో తేలినందున ఆయాను పంపుటకు వీలుపడదు.

స్వర్ణలత మళ్ళీ ఉప్పల్ పోయి ఆ అధికారిని కలిసింది.

"గా దేవత ముచ్చట జర కొట్టెయ్యండ్రి సారు."

"అలా కుదరదమ్మా. ఆ మాట అన్నావిడ చేతనే, దేవత కాదని రాయించుకు రండి. పథకం మనుషులకు కదా."

సంతకానికి తెచ్చిన కాగితం చూసి అన్నపూర్ణమ్మ చెంపలు వేసుకుంది.

"నిన్ను పట్టుకుని అంత మాట ఎలా రాయనే? కళ్ళు పోతాయి."

"నీ కండ్లకు ఏం గాదక్కా. నా కండ్లు జర మూతబడ్తయి."

"అదిగో, ఇంత కష్టంలోనూ ఎంత బాగా మాట్లాడుతుందో," అని ఆవిడ కళ్ళొత్తుకుంది. సంతకం మాత్రం పెట్టలేదు.

కార్యాలయం మరీ దయలేనిదేం కాదు. దేవతలకు వేరే నిబంధన ఉంది, సన్మానం. మంచి చీర కట్టుకుని, బిడ్డను ముస్తాబు చేసుకుని, సరిగ్గా పదింటికి కమ్యూనిటీ హాలుకు రమ్మన్నారు. ముఖ్య అతిథి ఒంటిగంటకు వచ్చాడు. అంతసేపూ రాణిని ఒళ్ళో పెట్టుకుని నవ్వు చెరగకుండా కూర్చోమని ఫోటోలు తీసేవాడు చెప్పాడు. (విసుగు ఫోటోలో పడితే సన్మానం రద్దవుతుంది.)

శాలువా కప్పారు. తల్లి చేతులు ఖాళీ లేవు కనుక జ్ఞాపికను బిడ్డ పొట్టమీద పెట్టారు. "ఈ తల్లికి మనం ఏమిచ్చినా రుణం తీరదు," అన్నాడు సత్యనారాయణమూర్తి. (కనుక ఏమీ ఇవ్వరాదని అంతకుముందే తీర్మానమైంది.) తర్వాత మైకు ఆమె మూతి దగ్గర పెట్టి, ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో సభకు రెండు ముక్కలు చెప్పమన్నాడు. చప్పట్ల కోసం హాలంతా చేతులు ఎత్తి పట్టుకుంది.

"ఓపిక ఏడున్నది సారు," అన్నది స్వర్ణలత. "జడేస్తుంటే కదుల్తున్నదని, మీ సన్మానానికి ఆలస్యమైతున్నదని, పొద్దుగాల బిడ్డను కొట్టిన."