మూడు గంటల ఆక్స్‌ఫర్డ్

ఆరేళ్లపాటు యూనివర్సిటీలో కూర్చుని చదవడమంత దండగమారి పని ఇంకోటి లేదు. నమ్మరా? యూనివర్సిటీ అన్నది చదువుకోవడానికి కాదండీ, చూసి రావడానికి. అదీ మూడు గంటలు చాలు. అంతకు మించి చూస్తే చదువు మీద మోజు పుట్టే ప్రమాదం ఉంది.

సాక్ష్యం కావాలా? సిడ్నీలో, పెండిల్ హిల్‌లో కాపురముంటున్న సయీద్‌నే తీసుకోండి. సొంతూరు ఖమ్మం. ఉస్మానియాలో డిగ్రీ, ఆపైన ఎంసీఏ, చివర్లో ఒక గోల్డ్ మెడల్. దానికోసం పాపం సినిమాలు మానేశాడు, క్రికెట్ మానేశాడు, సొంత మేనమామ పెళ్లికి కూడా వెళ్లలేదు. ఆ మేనమామ ఇప్పటికీ ఫోన్లో పలకడు.

1999లో సిడ్నీలో అతను పనిచేసే కంపెనీవాళ్లు సయీద్‌ని వైటూకే పని మీద మూడు వారాలు లండన్ పంపారు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పడకేస్తాయని లోకమంతా హడలి చస్తున్న రోజులవి. అక్కడ ఒక ఆదివారం బస్సు టూర్లో ఆక్స్‌ఫర్డ్ వెళ్లాడు. డ్రైవరు మూడు గంటలు టైమిచ్చాడు.

అది పరీక్షల కాలం. ఏ కాలేజీ గేటు దగ్గరికెళ్లినా 'సందర్శకులకు ప్రవేశం లేదు' అని బోర్డు. ఎంత గొప్ప ఏర్పాటు! లోపలికి రానిస్తే ఏముంటుంది? నాలుగు గదులు, కాసిని బల్లలు, నిద్రకళ్ల కుర్రాళ్లు. అదే బయట నిలబెట్టారనుకోండి, ఎనిమిది వందల ఏళ్ల చరిత్ర ఉచితంగా గోడ మీదే కనిపిస్తుంది. సయీద్ ఏడు గేట్ల ముందు ఏడు ఫోటోలు తీయించుకున్నాడు. తెరిచి ఉన్న ఒకేఒక్క చోట పచ్చిక మీద కాలు పెట్టబోతే కాపలాయన చాలా మర్యాదగా దగ్గాడు. ఇక లాభం లేదని నది ఒడ్డున కూర్చుని సాండ్‌విచ్ పొట్లం విప్పితే సగం బాతులు లాక్కుపోయాయి. ఇంతలో బస్సు హారన్ మోగింది.

ఫోటోలు చూసి భార్య కనీజ్, "ఏందండీ, గంత దూరం వోయి తలుపులు జూసొచ్చిండ్రా?" అంది.

రెండువేల సంవత్సరం రానే వచ్చింది. ఒక్క కంప్యూటరూ పడకెయ్యలేదు. సయీద్ లాంటివాళ్లు పని అంత బాగా చేశారన్నమాట! అందుకు మెచ్చుకుని కంపెనీ మార్చిలో వాళ్లందరినీ ఇంటికి పంపించేసింది.

ఆ తర్వాత పద్నాలుగు ఇంటర్వ్యూలు. అందరూ మంచివాళ్లే. ఒకాయన "ఉస్మానియా అంటే టర్కీలోనా?" అని ఆప్యాయంగా అడిగాడు. ఇంకొకావిడ స్పెల్లింగ్ చెప్పమని, చెప్పాక పెన్ను మూసేసింది. మెడల్ గురించి ఎవరూ అడగలేదు. కనీజ్ అల్మారా మీది సూట్‌కేసులు కిందికి దించింది. ఆగస్టు దాకా చూసి, ఉద్యోగం రాకపోతే ఖమ్మం వెళ్లిపోదామని ఇద్దరూ అనుకున్నారు. అనుకున్న రోజు సయీద్ అన్నం ముట్టలేదు.

పదిహేనో ఇంటర్వ్యూకి ముందు కనీజ్ అతని సీవీ తిరగేసింది. "కింద జాగా ఖాళీగుంది. హాబీస్‌ల ట్రావెల్ అని పెట్టి ఆక్స్‌ఫర్డ్ అని రాయిండ్రి. వోయిన మాట నిజమే గద," అంది. సయీద్ 'ఆక్స్‌ఫర్డ్, 1999' అని రాశాడు. అబద్ధమేమీ లేదు.

ఆ కంపెనీ మేనేజరు డగ్లస్ సీవీలు చివర్నుంచి చదివే రకం. మొదటిదాకా వచ్చే ఓపిక ఆయనకు ఎప్పుడూ లేదు.

"ఓ, ఆక్స్‌ఫర్డ్! ఎన్నాళ్లున్నావు?"

"మూడు గంటలండీ."

డగ్లస్ పగలబడి నవ్వాడు. "నిజమే, అక్కడ ఏళ్లు గంటల్లా గడిచిపోతాయంటారు. ఏ కాలేజీ?"

"ఎందులోకీ రానివ్వలేదండీ."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "మరి అక్కడ నేర్చుకున్నదేమిటి?"

"గడ్డి మీద నడవకూడదని."

ఎంత వినయం, ఎంత చమత్కారం! మొహంలో నవ్వు కనిపించకుండా ఇంత హాస్యం ఆ గోడల మధ్య తప్ప ఇంకెక్కడ అబ్బుతుంది? ఉద్యోగం ఆ సాయంత్రమే వచ్చింది. సూట్‌కేసులు తిరిగి అల్మారా ఎక్కాయి. ఆఫీసులో అతన్ని 'ఆక్స్‌ఫర్డ్ సయీద్' అనేవాళ్లు. అతను ఒకటి రెండుసార్లు, "నేను టూరిస్టుగా వెళ్లానండీ," అని చెప్పిచూశాడు. అదీ జోకే అనుకున్నారు. మూడోసారి చెప్పడం మానేశాడు.

కాబట్టి పాఠకులారా, మీ పిల్లల్ని కోచింగులకు తిప్పి వాళ్ల కళ్లకు అద్దాలు తెప్పించకండి. ఒక కెమెరా కొనిచ్చి బస్సెక్కించండి.

ఏడాది తిరక్కుండానే డగ్లస్ అతన్ని తన పక్కనే, బల్లకు ఇవతల కూర్చోబెట్టుకున్నాడు. కొత్తవాళ్ల ఇంటర్వ్యూలు. మొదట వచ్చినమ్మాయి పేరు సనోబర్. ప్రోగ్రామింగ్ ప్రశ్నలు సయీద్ ఎన్ని అడిగితే అన్నిటికీ గుక్కతిప్పుకోకుండా జవాబు చెప్పింది. అంత బాగా చెప్పినవాళ్లను అతను ఈ దేశంలో చూడలేదు. కడుపు నిండినట్టయింది.

డగ్లస్ మాత్రం సీవీ ఆఖరి పేజీ వెతుకుతున్నాడు. హాబీస్ దగ్గర 'వంట' అని ఉంది. పెదవి విరిచాడు.

"ఇంతకీ ఎక్కడ చదివావు?"

"ఉస్మానియాలోనండీ. హైదరాబాద్," అంది సనోబర్.

డగ్లస్ సయీద్ వైపు తిరిగాడు. "ఇదెలాంటిదో నీకేమైనా తెలుసా?"

సనోబర్ కూడా సయీద్ వైపే చూసింది. అతని పేరు, మాట తీరు చూసి ఏదో పోల్చుకున్నట్టు ఆశగా చూసింది. తెలుసనాలి. తను చదివింది అక్కడే అనాలి. అలా అంటే డగ్లస్ తన సీవీ తెప్పించి, ఈసారి మొదటి పేజీ నుంచి చదువుతాడు. సయీద్‌కి సిగ్గేసింది.

ఆక్స్‌ఫర్డ్ గురించి ఒక్క అబద్ధమూ ఆడని ఆ పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

"పేరెక్కడో విన్నట్టుందండీ," అన్నాడు.