రెండిళ్ల నడుమ గూడు

పది గంటలకు నానమ్మ సవరమ్మ జ్ఞాపకార్థ కూడిక. ఎనిమిదింటికి స్పీకరు సరిచూసి, తొమ్మిదింటికి జడ వేసుకుని, పదింటికి ఎవరి కంటా పడకుండా చర్చిలో వెనక బల్ల మీద కూర్చోవాలనుకుంది ఏంజెల్. ఒక్కటి మాత్రం తప్పకూడదు. చింతపండు గింజలు తీస్తూ నానమ్మ పాడగా రికార్డు చేసిన పాట అందరికీ వినిపించాలి. ఆ పాట కోసమే జంపక్క అడవి పల్లె నుంచి మొదటి బస్సుకు వచ్చేసింది. నిరుడు సవరమ్మ పోయినప్పుడు వాగు పొంగి, కడసారి చూపుకు రాలేకపోయిన మనిషి.

సవరమ్మా, జంపక్కా ఇల్లందులో ఇరవై ఏళ్లు ఒకే గోడకు అటూ ఇటూ కాపురమున్నారు. ఆ గోడలో రెండు వైపులా తెరిచిన గూడు ఉండేది. ఉప్పు, అగ్గిపెట్టె, కూర గిన్నె, అప్పుడప్పుడూ అలకలు కూడా అందులోంచే రాకపోకలు సాగించేవి. జంపక్క వాళ్లు ఊరికి తిరిగి వెళ్లిపోయాక సవరమ్మ కొడుకు తోమాసు దాన్ని సిమెంటుతో మూయించాడు.

తోమాసు సంఘపెద్ద. ఇంట్లో కూర్చునే చర్చి ప్రకటనలు చెప్పడం ఆయనకు ముచ్చట. అందుకని కూతురు ఏంజెల్ లాప్‌టాప్‌లో కంటైనర్లనే రెండు ప్రోగ్రాములు పెట్టింది. ఒక్కో పనికి ఒక్కో గది అన్నమాట. మొదటిది మైకులో పడ్డ ప్రతి మాటనూ విడివిడిగా రికార్డు చేస్తుంది. రెండోది వాటిని చర్చి స్పీకర్లో వినిపిస్తుంది, కొత్తవి ముందు, పాతవి తర్వాత. రికార్డులు దాచేది మాత్రం రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఒకే నిల్వ అరలో, అంటే వాల్యూమ్‌లో. పాత ప్రకటనలను ఎప్పటికప్పుడు తుడిచేసే ఏంజెల్, నానమ్మ పాటను మాత్రం కదిలించేది కాదు.

ఆ ఉదయం తోమాసు మైకు స్విచ్ వేసి, "పది గంటలకు కూడిక" అని చెప్పి, స్విచ్ సంగతి మరిచిపోయాడు. స్పీకరు ఆ ముక్కనే పట్టుకుని పదే పదే చెప్పసాగింది. ఏంజెల్ వినిపించే కంటైనర్‌ను తీసేసి కొత్తది పెట్టింది. అది ఖాళీగా తెరుచుకుంది.

"డాడీ, నానమ్మ పాట పోయింది."

"యాడికి పోతది? రెండు డబ్బాలన్నవ్ గద."

"ఒకటి నేనే తీసేసిన."

వంటింట్లోంచి మేనత్త వనజ వచ్చింది. "పరేషాన్ గాకు. మా అమ్మ గొంతు నాకే వచ్చింది. నేను పాడుత." రెండు చరణాలు పాడింది. ప్రహరీ మీది పిల్లి దిగి వెళ్లిపోయింది.

"అమ్మ గట్ల పాడితే నాయిన ఇంట్ల ఉండేటోడా?" అన్నాడు తోమాసు.

"నువ్ పాడు మరి. నీది బొగ్గుబాయి సైరనే గద."

"అసలు పాటెందుకు? పాస్టర్ గారు ప్రసంగం ఎత్తుకుంటే పగటియాళ్ల దాక దించడు. సగం మంది నిద్రపోతరు. పాట లేదని ఎవలికి తెలుస్తది?"

"నాకు తెలుస్తది," అంది గడప దగ్గర కూర్చున్న జంపక్క.

ఏంజెల్ వెళ్లి ఆమె పక్కన కూలబడింది. వాల్యూమ్ అంటే ఏమిటో చెప్పడానికి మాట దొరక్క గోడ మీది సిమెంటు మచ్చను చూపించింది. "గా గూడు లెక్కనే అవ్వా. రెండు గదులకు ఒకటే. నేనొక గది కూలగొట్టిన."

"గది కూలితే గూట్లున్న గిన్నె యాడికి పోతది బిడ్డా? కొత్త గదికి గూడు తెరిసినవా?"

తెరవలేదు. తొందరలో కొత్త కంటైనర్‌కు వాల్యూమ్‌ను తగిలించనే లేదు. ఏంజెల్ ఆ ఒక్క లైను చేర్చింది.

పది కావొస్తోంది. వీధికి అవతల, అప్పటికే నిండిన చర్చిలో స్పీకరు పలికింది. "కొత్త గదికి గూడు తెరిసినవా?"

ఏంజెల్ నవ్వింది. తర్వాత తోమాసు గొంతు వినిపించింది. "పాస్టర్ గారు ప్రసంగం ఎత్తుకుంటే పగటియాళ్ల దాక దించడు..."

తోమాసు మైకు వంక చూశాడు. ఎర్ర లైటు వెలుగుతోంది. దాన్ని ఆర్పి, చెప్పులు మరిచి చర్చికి పరుగెత్తాడు. ఆయన కంటే ముందే బాయి సైరన్ సంగతీ, వనజ రెండు చరణాలూ అక్కడికి చేరాయి. ఏంజెల్ ఆపబోతే జంపక్క చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ బిడ్డా. సవరమ్మ ఎనుకనే వస్తుంటది."

ఇద్దరూ చర్చిలో అడుగు పెట్టేసరికి తలలన్నీ వాళ్ల వైపు తిరిగాయి. ఏంజెల్ తల దించుకుంది, కానీ వెనక్కి తిరగలేదు. స్పీకర్లో చింతగింజలు గిన్నెలో టకటక పడ్డాయి. సవరమ్మ పాడింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పాట అయ్యాక, గూడు మూసి పదిహేనేళ్లయిందన్న సంగతి మరిచి, ముసలి గొంతు పిలిచింది. "జంపక్కా, ఉప్పు గూట్లె పెట్టిన, తీస్కో."

"అవ్, తీస్కుంట," అంది జంపక్క, స్పీకరు వైపు చూస్తూ.

ఆ రోజు పాస్టర్ గారి ప్రసంగం ఏడు నిమిషాల్లో ముగిసింది; ఎవరూ నిద్రపోలేదు.