స్వర్గీయ యజమాని వాచీ

ఆ రోజు పొద్దున్న కోడలు పెట్టుకున్నవి మూడే పనులు. పదింటికల్లా ముందుగది తుడవడం, పదిన్నరకి వచ్చే ఆవిడకి వాచీ చూపించడం, ఆవిడ వెళ్లేదాకా మామగారిని దగ్గనివ్వకపోవడం.

వాచీ మామగారిదే. ఆయన ముప్ఫై ఏళ్లు కారు నడిపిన ఇంటి పెద్దాయన పోతూ పోతూ రాసిచ్చిన బంగారు చేతిగడియారం. అలాంటివి లోకంలో ఇరవై కూడా మిగల్లేదని పాత వాచీలు అమ్మిపెట్టే మధ్యవర్తి తేల్చాడు. ఇక్కడేమో ఇంటికప్పు మూడుచోట్ల కారుతోంది, వానలకి మూడు వారాలు కూడా లేదు. వాచీ అమ్మితే తప్ప కప్పు బాగుపడదు.

"వాచీ యజమాని బతికున్నాడంటే సేకరించేవాళ్లు జంకుతారండీ. రేపు మనసు మారి వెనక్కి అడుగుతాడేమోనని. ప్రకటనలో పోయాడని రాయండి, కళ్లు మూసుకుని కొంటారు" అన్నాడు మధ్యవర్తి.

కొడుకు నసిగాడు. మామగారే, "రాసెయ్యరా. రాసినంతమాత్రాన పోతానా?" అని దర్జాగా స్వర్గీయులైపోయారు. అప్పట్నుంచి కొనేవాళ్లు వచ్చినప్పుడల్లా ఆయన వెనకగదిలో, కర్టెన్ పక్కన కుర్చీలో కూర్చుంటున్నారు.

మొదటివాడు వాచీని భూతద్దంతో చూస్తుండగా కర్టెన్ వెనక దగ్గు వినిపించింది.

"ఎవరండీ లోపల?"

"ఎవరూ లేరండి. ఇంట్లో ఉండేది ముగ్గురమే" అన్నాడు కొడుకు.

అతను ఎదురుగా ఉన్న ఇద్దర్నీ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. భూతద్దం మర్చిపోయి వెళ్లాడు.

రెండోవాడు వాచీని చెవి దగ్గర పెట్టుకుని, "నాన్నగారు పోయి ఎన్నాళ్లయింది?" అన్నాడు.

"మూడు నెలలండి."

అతని మొహం పాలిపోయింది. "ఇది కీ ఇస్తేనే నడిచే రకం. రెండోరోజుకే ఆగిపోవాలి. ఎవరు ఇస్తున్నారు కీ?"

మొగుడూ పెళ్లాం మొహమొహాలు చూసుకున్నారు. మామగారికి వాచీకి కీ ఇచ్చాకే పళ్లు తోముకునే అలవాటు. ఆ ముక్క బయటికి చెప్పేది కాదు.

"ఎవరూ ఇవ్వట్లేదండి" అన్నాడు కొడుకు.

అన్నది తప్పని అతనికి తట్టేలోగా గేటు చప్పుడైంది. సాయంత్రం మధ్యవర్తి ఫోను చేశాడు. "మీ వాచీకి దయ్యం కీ ఇస్తోందని ఊరంతా పాకిపోయింది. వాచీ కొనేవాళ్లలో ఇంక మిగిలింది ఒక్కావిడే. ఆవిడ కూడా పారిపోతే నన్నొదిలెయ్యండి."

ఆ ఒక్కావిడ వచ్చే రోజే ఇది.

"మామయ్యగారూ, ఇవాళ దగ్గారంటే మాత్రం..." అంది కోడలు.

"పోయినవాడికి దగ్గొస్తే నేనేం చెయ్యనమ్మా!"

పదిన్నరకి బెల్లు మోగలేదు. అనుమానమొచ్చి తలుపు తీస్తే ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది, ఎంతసేపట్నుంచో మరి. బూడిదరంగు బట్టలు, బూడిదరంగు జుట్టు. రెప్పలు వేసే అలవాటు ఉన్నట్టు లేదు. అడుగుల చప్పుడు లేకుండా లోపలికొచ్చి, సరిగ్గా కర్టెన్‌కి ఎదురుగా కూర్చుంది. బయట మబ్బేసి గది చీకటైంది.

"గాలి లేదు కదూ" అంది.

"లేదండి" అంది కోడలు.

"మరి మీ కర్టెన్ ఊపిరి పీలుస్తోందే."

కొడుకు గబగబా వాచీ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ కర్టెన్ మీదనుంచి చూపు తిప్పకుండానే కీ ఇవ్వడం మొదలుపెట్టింది. పది తిప్పింది. పదిహేను తిప్పింది. కర్టెన్ వెనక కుర్చీ కిర్రుమంది. ఆవిడ ఆపలేదు.

"ఆపండి తల్లీ! స్ప్రింగు తెగుతుంది!" అని అరిచింది కర్టెన్.

కోడలు కళ్లు గట్టిగా మూసుకుంది. వానకి పడగ్గదిలో పెట్టాల్సిన బకెట్లు ఆమెకు వరసగా కనిపించాయి. తెరిచి చూస్తే ఆవిడ అక్కడే ఉంది. ఉలిక్కిపడను కూడా లేదు.

"ఎన్ని తిప్పాలి?" అని కర్టెన్‌నే అడిగింది.

"పద్దెనిమిది. చలికాలంలో పదహారు చాలు."

"లోపల ఏమన్నా మార్పించారా?"

"స్ప్రింగు, ఒక్కసారి."

"నాన్నా!" అన్నాడు కొడుకు పళ్లబిగువున. అసలు భాగం మారిందంటే వాచీ ధర సగానికి పడిపోతుంది.

"ఏంట్రా? అబద్ధాలు చెప్పుకోడానికి నేనేమన్నా..." అంటూ మామగారు ఠక్కున ఆగిపోయారు.

"బతికున్నానా" అని ఆవిడే పూర్తిచేసింది.

ఆవిడ సంచీలోంచి చెక్కుపుస్తకం తీసి, అడిగిన ధర అడిగినట్టే రాసింది.

"మా ఇంట్లో ఇలాంటివి అరవై రెండున్నాయి. అన్నీ ఆగిపోయాయి. కీ ఇవ్వడానికి పెట్టుకున్నవాళ్లంతా స్ప్రింగులు తెగ్గొట్టి పోతే, బాగుచేయించి అలాగే ఉంచాను. బతికున్నవాళ్లకి చేతిలో నిదానం ఉండదు" అంటూ లేచింది. "వాచీతోపాటు ఆయన్ని కూడా పంపించండి."

"ఆయన... పోయారు కదండీ!" అన్నాడు కొడుకు నీళ్లు నములుతూ.

"తెలుసు. అందుకే అడుగుతున్నాను."

కర్టెన్ వెనకనుంచి, "ఇల్లు ఇక్కడికి దూరమాండీ?" అని వినిపించింది.

మామగారిప్పుడు రోజూ ఎనిమిదింటికల్లా వెళ్లి అరవై మూడు వాచీలకీ కీ ఇచ్చి వస్తున్నారు. ఆవిడ ఎదురుగా కూర్చుని చూస్తూ ఉంటుందట, పలకరించదట. జీతం మాత్రం ఒకటో తారీకు దాటనివ్వదు. మొన్న ఒళ్లునొప్పులుగా ఉన్నాయని ఒక్కరోజు సెలవడిగితే, "మీకు ఒళ్లెక్కడిది?" అందట.