ఆవిడ గదిలో పడుకుంది

ఆ రోజు పొద్దున దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఓడ పై అంతస్తులో ఉన్న ఫలహారాల హాలుకి వెళ్ళాలి, కిటికీ పక్కన ఇద్దరు కూర్చునే బల్ల ఒకటి చూసుకోవాలి, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక టీ తాగి గదికి వచ్చేయాలి. ఇంత చిన్న పనికి కూడా అడ్డొచ్చేవాళ్ళు ఉంటారని ఆయన అనుకోలేదు. ముప్పై ఏళ్ళుగా జనం కొలతలు తీసుకుంటున్నవాడు జనాన్ని అంత తక్కువ అంచనా వేయకూడదు మరి.

అసలీ ఓడ సరదా ఆయనది కాదు, ఆయన భార్యది. కొట్లో ఆయన మిషను తొక్కుతుంటే, ఆవిడ పక్కనే పీట మీద కూర్చుని కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. కొలతలకి చేతులు చాపి నిలబడ్డ ప్రతి మనిషినీ "మీరెప్పుడైనా పెద్ద ఓడ ఎక్కారా?" అని అడిగేది. చేతులు చాపి నిలబడ్డవాడు ఎక్కడికి పారిపోతాడు? ఎక్కినవాడూ చెప్పేవాడు, ఎక్కనివాడు ఇంకా ఎక్కువ చెప్పేవాడు.

"బాల్కనీ లేని గదిలో వెళ్ళడం కన్నా ఇంట్లో బీరువాలో కూర్చోవడం నయమండీ" అన్నాడు బ్యాంకు మేనేజరు. "గదిలో ఉండేదెంతసేపు? నిద్రకేగా! లోపలి గది చాలు" అంది స్కూలు టీచరు. "కింది అంతస్తులో, సరిగ్గా ఓడ మధ్యలో తీసుకోండి. ఊపు తెలీదు" అన్నాడు సూటు కుట్టించుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుకు. మొదటి రోజే కనబడిందల్లా తినేయకూడదని ఒకరు, ఒక రోజు ముందే రేవు చేరుకోవాలని ఇంకొకరు. ఆవిడ అందరి మాటా వింది. చివరికి తన మాటే నెగ్గించుకుంది. "కిటికీ గదే తీసుకుందాం. నీళ్ళు కనబడకపోతే ఓడెందుకు, ఇల్లు చాలదూ?"

టికెట్లు తీసుకున్నారు. సముద్రం మీద గాలి జాస్తి అని నీలం ఉన్ని గుడ్డతో ఆవిడకొక కోటు కత్తిరించాడు దర్జీ. వాళ్ళ కొట్లో పని వంతులు ఏనాడూ మారలేదు. కత్తిరించి కుట్టడం ఆయనది, కాజాలూ గుండీలూ ఆవిడవి. కోటులో ఆయన వంతు పూర్తయింది. ఆవిడ వంతు మొదలవకముందే జ్వరమని ఆసుపత్రికి వెళ్ళింది, మరి తిరిగి రాలేదు. అప్పటికి ఓడ బయల్దేరడానికి నాలుగు నెలలుంది.

టికెట్లు రద్దు చేద్దామని వెళితే టికెట్ల ఆఫీసు అమ్మాయి జాలిగా చూసింది. "రద్దు చేస్తానండీ. ఒకవేళ మీరొక్కరే వెళ్తానన్నా పర్లేదు. కాకపోతే ఓడల్లో ఒక్కరికని గది ఉండదు. ఎవరెళ్ళినా అది ఇద్దరి గదే" అంది. ఆ మాట దర్జీ మనసుకి ఎక్కడో తగిలింది. ఆవిడ ఇంకా ఇద్దరిలో ఒకరుగా లెక్కకొచ్చే చోటు ప్రపంచంలో అదొక్కటే ఉందనిపించింది. ఏమీ రద్దు చేయకుండానే ఇంటికి వచ్చేశాడు.

ఇప్పుడు ఫలహారాల హాల్లో ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంటే చూడలేక, చేతి మీదున్న ఆవిడ కోటు తీసి దాని వీపుకి తగిలించాడు. కొంప అక్కడే మునిగింది.

"వదినగారేరీ అన్నయ్యగారూ? ఇంకా లేవలేదా?"

పక్క బల్ల దగ్గర ఒకావిడ. పేరు చెప్పకముందే "నాకిది ఏడోసారి" అని పరిచయం చేసుకుంది. దర్జీ మనసులో ఆవిడ పేరు ఏడోసారే అయి కూర్చుంది. ఆవిడ పక్కన భర్త, పళ్ళ డాక్టరు. జీవితమంతా ఎదుటివాళ్ళ నోళ్ళు తెరిపించిన ఆయనకి తన నోరు తెరిచే అవకాశం మాత్రం ఇంట్లో దొరికినట్టు లేదు.

దర్జీ జవాబు చెప్పబోయాడు. ఆ జవాబు ఈ నాలుగు నెలల్లో ఎంతమందికి చెప్పాడో! బ్యాంకులో చెప్పాడు, గ్యాసు ఆఫీసులో చెప్పాడు, బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. చెప్పగానే ఎదుటి మొహం వాడిపోతుంది, ఆ మనిషిని మళ్ళీ తనే ఊరడించాలి. చెప్పిన ప్రతిసారీ ఆవిడ ఇంకోసారి పోయినట్టే ఉంటుంది.

"గదిలో పడుకుందండీ" అన్నాడు.

అనేసి తనే ఉలిక్కిపడ్డాడు. ఆ అబద్ధం అంత సులువుగా వస్తుందనీ, అంత హాయిగా ఉంటుందనీ ఆయనకి తెలియదు. ఈ ఓడలో ఎవరికీ ఏమీ తెలియదు. ఒడ్డు చేరేదాకా ఆవిడ గదిలో పడుకునే ఉండొచ్చు. ఆ కాసిన్ని రోజులు దక్కితే చాలు, ఆయనకి ఇంకేమీ అక్కర్లేదు.

"వికారమా? నాకు తెలుసు! మొదటిసారి వచ్చినవాళ్ళంతా పడిపోతారు" అంది ఏడోసారి ఉత్సాహంగా. "అల్లం బిళ్ళలు పంపిస్తాను. పుల్లటి ఆపిల్ కొరకమనండి. ఖాళీ కడుపుతో అస్సలు ఉండనివ్వకండి. మీ గది ఎక్కడ? ముందు వైపా! ఎవరు చెప్పారండీ మీకు?"

"ఆవిడే ఎంచుకుంది."

"అదే మరి! అనుభవం ఉన్నవాళ్ళని అడగాలి."

ఊళ్ళో సగం మందిని అడిగిందని చెబుదామనుకుని ఊరుకున్నాడు.

ఇక చిలికి చిలికి గాలివాన అయింది. మధ్యాహ్నానికి గదికి అల్లం బిళ్ళలు వచ్చాయి, ఆపిల్ పళ్ళు వచ్చాయి, వికారం రాకుండా ముంజేతికి కట్టుకునే పట్టీలు వచ్చాయి. గదులు సర్దే పెద్దాయన అమ్మగారికి ఒంట్లో బాగాలేదని విని రెండు పూటలా రెండు గిన్నెల సూపు తెచ్చిపెట్టాడు. పారబోయడానికి మనసొప్పక, తిప్పి పంపితే అడుగుతారని భయపడి, రెండు గిన్నెలూ దర్జీయే తాగాడు. ఖాళీ గిన్నెలు చూసి పెద్దాయన సంతోషపడ్డాడు. "అమ్మగారు ఇవాళ బాగా తీసుకున్నారండీ" అని మర్నాటి నుంచి రొట్టె కూడా చేర్చాడు. గది సర్దినప్పుడు తువ్వాళ్ళని బాతుల్లా మడిచి, ఒక్కో దిండు మీద ఒక్కోటి పెట్టి వెళ్ళేవాడు. రెండో దిండు మీది బాతుని దర్జీ రాత్రిళ్ళు కూడా కదపలేదు.

మూడో రోజుకి ఇద్దరి తిండి ఒక్క పొట్టలో ఇమడక, దర్జీ మందు కోసం ఓడ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆ గదిలోంచి బయటికి రావడం ఏడోసారి చూసింది.

"డాక్టరు దాకా వచ్చిందా! అన్నయ్యగారూ, ఇక నేను ఊరుకోను. కౌంటర్లో మాట్లాడేశాను. కింద, మధ్యలో ఒక గది ఖాళీగా ఉందట. సాయంత్రం మీ సామాను మార్పించేస్తారు."

"వద్దమ్మా!" దర్జీ గొంతు ఆయనకే కొత్తగా వినబడింది. "ఆవిడకి కిటికీ కావాలి. కిటికీ కోసమే వచ్చింది."

"ఇంత జబ్బులో కిటికీ ఏమిటండీ? సరే, నేనే వచ్చి వదినగారితో మాట్లాడతాను."

ఏడోసారి వచ్చిందంటే అయిపోయినట్టే. తలుపు తీస్తే రెండో దిండు మీద బాతు తప్ప ఎవరూ లేరు. "అక్కర్లేదమ్మా, ఇప్పుడు నయంగానే ఉంది. సాయంత్రం గాలికి పైకి తీసుకొస్తాను, దూరం నుంచి చూడండి. అలసిపోతుంది, పలకరించకండి" అన్నాడు. ఒక అబద్ధానికి అస్తరు వేయాలంటే ఇంకో అబద్ధమే కావాలి. దర్జీకి ఆ పనీ పట్టుబడింది.

సాయంత్రం, జనం పెద్దగా లేని వెనక వైపు డెక్కు మీద, సముద్రానికి ఎదురుగా ఉన్న పడక కుర్చీ ఒకటి ఎంచుకున్నాడు. దానికి కోటు తొడిగాడు. చేతులు రెండూ కుర్చీ చేతుల మీద పరిచాడు. పైన ఆవిడ ఎండ టోపీ పెట్టాడు. వెనక్కి వెళ్ళి, టైలరు చూపుతో ఒకసారి చూసి, ఎడమ భుజం కొంచెం సర్దాడు. ఆవిడ ఎప్పుడూ ఎడమ భుజం కాస్త దించి కూర్చునేది. తర్వాత పక్క కుర్చీలో కూర్చున్నాడు.

పై అంతస్తు కటకటాల దగ్గర ఏడోసారి కనబడింది. ఆనందంగా చెయ్యి ఊపింది. దర్జీ కూడా ఊపాడు.

ఇక వెళ్ళిపోవచ్చు. కానీ లేవబుద్ధి కాలేదు.

"నువ్వన్నదే నిజం. కిటికీ గదే మంచిది" అన్నాడు కోటుతో, మెల్లగా. "పొద్దున లేస్తే ఎదురుగా నీళ్ళే. అటు చూసినా నీళ్ళే, ఇటు చూసినా నీళ్ళే. నువ్వుంటే రెండో రోజుకే విసుగొచ్చి, కుట్టుకోవడానికి ఏమైనా తెచ్చావా అని అడిగేదానివి." నవ్వబోయాడు. ఏడుపొచ్చింది. నాలుగు నెలల్లో ఎవరినీ ఊరడించాల్సిన అవసరం లేకుండా ఏడవడం ఆయనకి అదే మొదటిసారి.

ఓడ అప్పుడే మలుపు తిరిగింది. గాలి దిక్కు మారింది. గుండీలు పెట్టి ఉంటే కోటు కుర్చీని కరుచుకుని ఉండేదే. కాజాలు లేవు. కోటు ఒక్కసారిగా ఉబ్బింది, లేచి నిలబడింది. దర్జీ అంచు పట్టుకోబోయేలోపు రెండు చేతులూ చాచి కటకటాలు దాటి సముద్రంలోకి వెళ్ళిపోయింది.

"అయ్యో! వదినగారు దూకేశారు!" పై నుంచి ఏడోసారి కేక ఓడంతా వినిపించింది.

గంటలు మోగాయి. ఓడ ఆగింది. జనం పరిగెత్తుకొచ్చారు. నీళ్ళ మీద నీలంగా ఏదో తేలుతోంది. చూస్తుండగానే రెండు పడవలు దిగాయి. తెల్ల దుస్తుల ఆఫీసరు చేతిలో రేడియోతో వచ్చాడు.

"మీ గదిలో ఒక్కరే ఎక్కినట్టుంది కదండీ కంప్యూటర్లో?" అన్నాడు దర్జీతో.

"మీ కంప్యూటరు తగలెయ్య! నా కళ్ళతో చూశాను, నాకు చెయ్యి కూడా ఊపింది!" అంది ఏడోసారి.

"రోజూ సూపు తాగుతున్నారు సార్ అమ్మగారు" అన్నాడు గదులు సర్దే పెద్దాయన, కళ్ళు తుడుచుకుంటూ.

దర్జీ కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. నిజం చెబితే పడవలు వెనక్కి వచ్చేస్తాయి, కోటు పోతుంది. చెప్పకపోతే తెచ్చి చేతిలో పెడతారు. నోరు మూసుకుని ఉంటే చాలు. పైన, కింద, అంతస్తు అంతస్తునా జనం వంగి నీళ్ళలోకి చూస్తున్నారు. ఇంతమంది ఒక్కసారి ఆవిడ కోసం వెతుకుతారని ఆవిడ కలలో కూడా అనుకుని ఉండదు. ఆసుపత్రిలో ఆ రోజు ఎవరైనా ఇలా పరిగెత్తి ఉంటే బాగుండేదనిపించింది. ఇంతలో ఒక పెద్ద అల వచ్చి పడవను ఎత్తి పడేసింది. అంచున నిలబడ్డ నావికుడు తూలి, తాడు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. అతని ఇంట్లోనూ ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు.

దర్జీ ఆఫీసరు చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు. "పిలిచేయండి బాబూ. అందులో ఎవరూ లేరు. కోటొక్కటే. మా ఆవిడ పోయి నాలుగు నెలలయింది."

తిడతాడనుకున్నాడు దర్జీ. ఆఫీసరు రేడియో నోటి దగ్గర పెట్టుకుని, "మనిషెవరూ లేరు, వచ్చేయండి" అన్నాడు. కాస్త ఆగి, "వచ్చేటప్పుడు ఆ కోటు తీసుకురండి" అన్నాడు.

అంతటితో కథ ముగియాలి. కానీ ఓడంటే రూలు. కెప్టెను మైకులో ప్రకటించాడు. "ప్రయాణికులకు విజ్ఞప్తి. నీళ్ళలో పడింది కోటు మాత్రమే. ఎవరూ తప్పిపోలేదు. అందరూ క్షేమం."

ఓడ మొత్తం చప్పట్లతో మారుమోగిపోయింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి దర్జీని కౌగిలించుకున్నారు. "అదృష్టవంతులండీ!" అన్నారు. "మీ ఆవిడ నూరేళ్ళు బతుకుతుంది చూడండి!" అన్నారు. తను నిజం చెప్పగానే ఆవిడ ఇంకాస్త గట్టిగా బతికి కూర్చుంది. తడిసి ముద్దయిన కోటు చేతుల్లో పట్టుకుని, ఉప్పునీళ్ళు కాళ్ళ మీద కారుతుంటే, దర్జీ అందరికీ దణ్ణం పెట్టాడు.

ఆ పూట భోజనాల హాల్లో ఆయన బల్ల మీద పెద్ద కేకు, రెండు పళ్ళేలు. ఆయన లోపలికి రాగానే అందరూ లేచి నిలబడి, ఆయన వెనక గుమ్మం వైపు చూశారు.

"వదినగారేరీ? ఇంతమందిని హడలగొట్టింది, ఒక్కసారి రమ్మనండి" అంది ఏడోసారి.

గదిలో పడుకుందనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దర్జీ ఖాళీ కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు.

"రాదమ్మా. గదిలో లేదు. నాలుగు నెలల కిందట చనిపోయింది. సూపు నేనే తాగాను."

హాల్లో అందరి మొహాలు వాడిపోయాయి. ఇప్పుడు వీళ్ళందరినీ తనే ఊరడించాలి కాబోలనుకున్నాడు దర్జీ. ఏడోసారి నోరు తెరిచి, మొదటిసారిగా చెప్పడానికి ఏమీ దొరక్క, వచ్చి ఆయన ఎదుట కూర్చుంది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. "అల్లం బిళ్ళలు కూడా మీరే తిన్నారా?" అంది.

"నేనేనమ్మా."

"ఎలా ఉన్నాయండీ?" అన్నాడు పళ్ళ డాక్టరు. "ఏడు ప్రయాణాలు చేశాను, నాకెప్పుడూ పెట్టలేదు."

ముందు నవ్వింది దర్జీయే. ఆ నవ్వు మధ్యలో తెగిపోయి ఏడుపైతే, ఈసారి ఊరడించే పని మిగిలినవాళ్ళు తీసుకున్నారు.

మిగిలిన రోజులు ఆయన కిటికీ దగ్గర కూర్చుని, ఉప్పు కడిగి ఆరేసిన కోటుకి కాజాలు కుట్టాడు. ముప్పై ఏళ్ళ దర్జీకి ఆ పని చేతకాదని అప్పుడు తెలిసింది. ఒక్కటీ తిన్నగా రాలేదు. ఏడోసారి పక్కనే కూర్చుని కాజా ఎలా కుట్టాలో చెబుతూనే ఉంది, జన్మలో ఒక్కటి కుట్టిన పాపాన పోలేదు. పెద్దాయన మాత్రం రోజూ రెండు బాతులే చేసి వెళ్ళాడు.

ఇంటికొచ్చాక కొట్టు తెరిచిన రోజే బ్యాంకు మేనేజరు కొలతలకి వచ్చాడు. నీలం కోటు గోడకి తగిలించి ఉంది. చేతులు చాపి నిలబడి, "అయితే వెళ్ళొచ్చారన్నమాట. మేమిద్దరం కూడా అనుకుంటున్నాం, వచ్చే ఏడో ఆ పై ఏడో. ఏ గది మంచిదంటారు?" అని అడిగాడు.

దర్జీ టేపు ఆయన భుజం మీద ఆనించి, కొలత రాసుకున్నాడు.

"ఏ గదైనా ఒకటేనండీ. కోటుకి కాజాలు మాత్రం ఇవాళే కుట్టించేయండి."